తూచే త్రాసుకు తూకం

వంటింటిలోని ప్రతి వస్తువుకూ ఒక పరీక్ష ఉన్నది. బియ్యంలో రాళ్లున్నవేమో చేటలో పోసి చూస్తారు. పాలు చిక్కనివో పలుచనివో కాచి చూస్తారు. నెయ్యి సంగతి వాసన చెబుతుంది, చింతపండు సంగతి రంగు చెబుతుంది. కాని ఈ వస్తువులన్నింటినీ తూచి ఇచ్చే త్రాసును పరీక్షించే ఆచారం మాత్రం మన ఇండ్లలో లేదు. అంకె కనబడితే చాలు, నమ్ముతాము. అంగడివాని కాటా మీద మనకు గల అనుమానంలో పదోవంతు కూడా మన ఇంటి కాటా మీద ఉండదు. అంగడివాని కాటాకు ప్రభుత్వముద్ర అయినా ఉంటుంది. మన ఇంటిదానికి అదీ లేదు.

శ్రోతలకు, ముఖ్యంగా ఇల్లు నడిపే వారికి, ఈనాడు మనవి చేయదలచినది ఆ ఇంటి త్రాసును గురించి. అది నిజం చెబుతున్నదో లేదో ఇంటిలోనే, విశేషమైన పరికరాలేవీ లేకుండ, తెలుసుకొనే మార్గాలున్నవి. అంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. నిజం చెప్పలేని త్రాసుచేత కూడ నిజం చెప్పించే ఉపాయం ఒకటి ఉన్నది. దానినీ వివరిస్తాను.

మన పెద్దలకు వంటింటిలో త్రాసు అవసరం తక్కువ. గిద్ద, సోల, తవ్వ, మానిక అనే కొలపాత్రలతోనే వంట సాగేది. తూకం అంగడిది. కోస్తా జిల్లాలలో చెల్లిన మదరాసు తూకం ప్రకారం 3 తులాలు ఒక పలం, 8 పలాలు ఒక సేరు, 5 సేర్లు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు. వీశె అనగా ఇప్పటి లెక్కలో సుమారు 1,400 గ్రాములు. ఆ రోజులలో ఒక సౌకర్యం ఉండేది. బ్రిటిషు ప్రభుత్వం అచ్చువేసిన వెండి రూపాయి సరిగా ఒక తులం, అనగా 11.66 గ్రాములు తూగేది. ఇంటిలో పది రూపాయలున్న గృహిణికి పది తులాల పడికట్టు చేతిలో ఉన్నట్లే. త్రాసును శంకించినప్పుడు ఆమెకు ఒక సాక్షి ఉండేది.

1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చి, 1958 అక్టోబరు నుండి దేశంలో మెట్రిక్ తూకం విడతలుగా అమలులోకి వచ్చింది. వీశెలూ పలాలూ పోయి కిలోలూ గ్రాములూ వచ్చినవి. ఆ కిలోగ్రాముకు మూలరూపం 1889 నుండి పారిస్ సమీపంలో భద్రపరచిన ప్లాటినం-ఇరిడియం దిమ్మ. దాని నకళ్లలో 57వ సంఖ్య గలది మన దేశానికి వచ్చింది. అది కొత్త ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్నది. 2019 మే 20 నుండి మాత్రం కిలోగ్రాము ఏ దిమ్మ మీదా ఆధారపడడం లేదు. ప్లాంక్ స్థిరాంకమనే ప్రకృతి సంఖ్యను బట్టి దానిని నిర్వచించినారు. శాస్త్రజ్ఞులు అంతటి దిమ్మనైనా కాలం మారుస్తుందేమోనని శంకించినారన్న మాట. మనం మాత్రం అటుకు మీద ధూళి పట్టిన త్రాసును శంకించము.

ఇక విషయానికి వస్తాను. త్రాసు తప్పు అంటే అన్ని తప్పులూ ఒకటి కావు. ముఖ్యంగా రెండు జాతుల తప్పులను వేరుచేసి చూడవలెను.

మొదటిది సున్న తప్పు. పైన ఏమీ లేనప్పుడే ముల్లు 15 గ్రాముల దగ్గర నిలిచిందనుకొందాము. అప్పుడు కిలో తూచినా, ఛటాకు తూచినా, 15 గ్రాములు ఎక్కువ చూపుతుంది. రెండవది పాలు తప్పు. సున్న సరిగానే ఉంటుంది గాని నూటికి నాలుగు చొప్పున ఎక్కువో తక్కువో చూపుతుంది. వంద గ్రాములకు నాలుగు, కిలోకు నలభై.

ఆవకాయ విషయంలో ఈ రెండూ ఏమి చేస్తవో చూడండి. కిలో ముక్కలకు 150 గ్రాముల ఉప్పు వేయవలెనని మీ ఇంటి లెక్క అనుకొనండి. త్రాసులో పాలు తప్పు ఉంటే, ముక్కలలో ఎంత తేడా వచ్చిందో ఉప్పులోనూ అదే నిష్పత్తిలో వస్తుంది. ముక్కలు 960 అయితే ఉప్పు 144. పాళ్లు చెడలేదు, ఊరగాయ కొంచెం తగ్గిందంతే. అదే 15 గ్రాముల సున్న తప్పు ఉంటే, ముక్కలు నిజానికి 985, ఉప్పు 135 మాత్రమే. కిలోకు 150 పడవలసిన చోట 137 పడింది. ఇక మెంతులు 20 గ్రాములని తూచితే జాడీలో పడేవి 5 గ్రాములే. సంవత్సరం నిలువ ఉండవలసిన ఊరగాయకు ఉప్పే కాపలా. ఉప్పు తగ్గిన జాడీ శ్రావణంలో బూజు పట్టితే మామిడికాయను నిందిస్తాము, తడిచేతిని నిందిస్తాము, త్రాసును నిందించము.

కాబట్టి సూత్రమేమనగా, సున్న తప్పు చిన్న తూకాలను చెరుపుతుంది. పాలు తప్పు మాత్రం, అన్నింటినీ ఆ త్రాసు మీదనే తూచినంతవరకు, వంటను అంతగా చెరుపదు. బయటినుండి వచ్చిన అంకెను, అనగా వైద్యుడు చెప్పిన గ్రాములనో, కొన్న సరుకు బరువునో దానితో సరిచూడబోయినప్పుడు మోసం చేస్తుంది.

ఇప్పుడు ఇండ్లలో ఎక్కువగా ఉన్నది ఎలక్ట్రానిక్ త్రాసు. దాని గర్భంలో లోడ్ సెల్ అనే చిన్న లోహపు కడ్డీ ఉంటుంది. దాని మీద సన్నని లోహపు రేకు అంటించి ఉంటుంది. బరువు పెట్టగానే కడ్డీ కంటికి కనబడనంత వంగుతుంది, రేకు సాగుతుంది, రేకులో విద్యుత్తుకు గల నిరోధం మారుతుంది. ఆ మార్పును లెక్కగట్టి అంకెగా చూపుతుంది. అనగా అది చూపేది ఒక వంపును. గ్రాములన్నది ఆ వంపుకు కర్మాగారంలో ఇచ్చిన భాష్యం. ఏళ్లు గడిచి, కిందపడి, శక్తికి మించిన బరువు మోసి ఆ కడ్డీ గుణం మారితే, భాష్యం మారదు గనుక అంకె తప్పుతుంది. ఒక్కొక్క గ్రాము చొప్పున అంకె మారుతున్నది గదా అని అది ఒక గ్రాము వరకు నిజమని అనుకోరాదు. సెకనుల ముల్లు ఉన్నంత మాత్రాన గడియారం సరియైన వేళ చూపుతున్నదని చెప్పలేము గదా!

పరీక్షకు ముందు త్రాసును సమమైన రాతిబల్ల మీద పెట్టండి. కింద గుడ్డ గాని మెత్తని చాప గాని ఉండరాదు. నాలుగు కాళ్లూ ఆనవలెను. పైన తిరిగే పంకాను ఆపండి. ఆ గాలికే అంకె ఊగుతుంది. బ్యాటరీ కొత్తదై ఉండవలెను. ఇక పరీక్షలు అయిదు.

ఒకటి, సున్న పరీక్ష. ఖాళీ త్రాసు సున్న చూపవలెను. బరువు పెట్టి తీసిన తరువాత కూడ సున్నకే తిరిగి రావలెను.

రెండు, పునరుక్తి పరీక్ష. ఒకే వస్తువును, మూతగట్టిన ఉప్పు డబ్బా వంటి దానిని, అయిదుసార్లు పెట్టి, తీసి, ప్రతిసారీ అంకె వ్రాసుకొనండి. ఒక గ్రాము అటూ ఇటూ అయితే సరే. అయిదుసార్లకు అయిదు మాటలు చెప్పే త్రాసుకు మిగిలిన పరీక్షలు అనవసరం.

మూడు, మూలల పరీక్ష. అదే డబ్బాను నడుమ పెట్టి, తరువాత నాలుగు మూలలా పెట్టి చూడండి. మూలల్లో అంకె మారితే, ఆ త్రాసు మీద ఎప్పుడు తూచినా గిన్నెను నడుమనే ఉంచవలెనని గుర్తు.

నాలుగు, కూడిక పరీక్ష. రెండు డబ్బాలను విడివిడిగా తూచండి. ఒకటి 502, రెండవది 497 అనుకొందాము. రెండూ కలిపి పెడితే 999 రావలెను. ఏ పడికట్టూ లేకుండ త్రాసును దాని మాటతోనే నిలదీసే పరీక్ష ఇది.

అయిదు, ఓర్పు పరీక్ష. బరువును పది నిమిషాలు కదలక ఉంచి, అంకె మెల్లగా జారుతున్నదేమో చూడండి.

చిటికెడు చిటికెడుగా వేసే వస్తువుల విషయంలో ఒక హెచ్చరిక. చాల ఎలక్ట్రానిక్ త్రాసులు సున్న దగ్గర కలిగే స్వల్పమైన మార్పులను గాలి వల్లనో వేడి వల్లనో కలిగినవని భావించి తమంతట తామే సున్నకు దిద్దుకొంటవి. కాబట్టి ఇంగువ పొడిని కొద్ది కొద్దిగా రాలుస్తూ పోతే, కొంత పడినా అంకె కదలకపోవచ్చును. చిన్న గిన్నెలోకి తీసుకొని ఒక్కసారిగా పెట్టి తూచండి.

ఈ అయిదింటిలో నెగ్గినంత మాత్రాన త్రాసు నిర్దోషి అని తీర్పు చెప్పలేము. నూటికి నాలుగు చొప్పున తప్పే త్రాసు ఈ పరీక్షలన్నింటిలోనూ నెగ్గుతుంది. తన మాటకు తాను కట్టుబడిన అబద్ధం అది. దానిని పట్టుకొనడానికి బయటి సాక్షి కావలెను.

అందరికీ మొదట తోచే సాక్షి నీరు. లీటరు నీరు కిలో అని చిన్నప్పుడు చదువుకొన్నాము. మన వేసవిలో, 30 డిగ్రీల వేడిమిలో, లీటరు నీరు త్రాసు మీద సుమారు 995 గ్రాములే తూగుతుంది. ఆ తేడా చిన్నదే. అసలు చిక్కు లీటరు పాత్రతోనే. వంటింటి కొలపాత్ర గీత ఎంత సరియైనదో మనకు తెలియదు. కాబట్టి నీటి పరీక్ష పెద్ద తప్పును పట్టియ్యగలదు గాని చిన్న తప్పును పట్టియ్యలేదు.

రెండవ సాక్షి పొట్లం. కిలో పప్పు పొట్లాన్ని పెట్టి, అంకె కిలో దగ్గరగా ఉంటే తృప్తిపడేవారున్నారు. పొట్లం మీది అంకె లోపలి సరుకుది. పైతొడుగు బరువు అందులో చేరదు. అదీగాక, పొట్లపు సరుకుల నిబంధనలే కిలో పొట్లంలో 15 గ్రాముల వరకు తేడాను సహిస్తవి. అంత సడలింపు గల సాక్షి త్రాసు మీద చెప్పే సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుంది?

మూడవ సాక్షి నాణెం. వెండి రూపాయి పోయినా దాని సంప్రదాయం పోలేదు. 2011 నుండి రూపాయి గుర్తుతో వచ్చిన, పసుపువన్నె గల, 23 మిల్లీమీటర్ల వ్యాసం గల 5 రూపాయల నాణెం 6 గ్రాములు తూగుతుంది. అటువంటివి 50 పోగుచేస్తే 300 గ్రాములు. ఒక నాణెం కొంత అరిగినా, ఒకటి కొంత బరువైనా, యాభైలో ఆ తేడాలు చాలవరకు సర్దుకొంటవి. కాని 5 రూపాయల నాణేలన్నీ ఒకే జాతివి కావు. పాత తెల్లనివీ, తరువాత వచ్చిన వెడల్పాటివీ వేరు బరువులవి. వాటిని కలుపరాదు.

అన్నింటికన్న నమ్మదగినది ముద్రపడిన తూనికరాయి. అంగడిలో వాడే ఆరుపలకల ఇనుప రాయిని తిరగవేసి చూడండి. అడుగున గుంటలో సీసం పోసి, ఆ సీసం మీద తూనికలు కొలతల శాఖవారు ముద్ర వేసి ఉంటారు. సీసం ఊడిన రాయి, తుప్పుపట్టి పెచ్చులూడిన రాయి సాక్ష్యానికి పనికిరావు.

ఆ రాయి దొరకనివారు ఇంటి పడికట్టును స్వయంగా తయారుచేసుకొనవచ్చును. బిగుతైన మూత గల రెండు స్టీలు డబ్బాలు తీసుకొనండి. బియ్యం, ఇసుక వద్దు. వానాకాలంలో చెమ్మ పీల్చి బరువెక్కుతవి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఈ మాట ఉన్నది. పడికట్లను ఇనుముతో గాని, మగధ మేకల దేశాల రాతితో గాని, తడిసినా వేడెక్కినా మార్పు చెందని పదార్థంతో గాని చేయవలెననీ, నాలుగు నెలలకొకసారి వాటిని తనిఖీచేసి ముద్ర వేయించవలెననీ అందులో విధించినారు. కాబట్టి మన డబ్బాలలో ఇనుప మరలు గాని, గాజు గోలీలు గాని నింపి, మూత కదలకుండ అంటించండి. ఒకటి 200 గ్రాముల ప్రాంతం, రెండవది కిలో ప్రాంతం ఉండనీయండి. చిన్నదానిని మీకు పరిచయమున్న బంగారు అంగడిలో తూయించండి. అక్కడి త్రాసు గ్రాములో వందో వంతు వరకు చూపుతుంది. పెద్దదానిని ముద్ర గల కాటాలున్న రెండు మూడు కిరాణా అంగళ్లలో తూయించండి. వచ్చిన బరువునూ తేదీనీ చీటీ వ్రాసి డబ్బాకు అంటించండి. అది సరిగా 200 కానక్కరలేదు; 213.46 అయినా మంచిదే. కావలసినది గుండ్రని అంకె కాదు, తెలిసిన అంకె.

ఇక నేను మొదట చెప్పిన ఉపాయం. 18వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశంలో బోర్డా అనే శాస్త్రజ్ఞుడుండెను. దండె రెండు చేతులూ సమానంగా లేని తక్కెడతో కూడ నిజమైన బరువు తెలుసుకొనే పద్ధతి ఆయన పేరు మీద ప్రసిద్ధమైనది. వస్తువును ఒక చిప్పలో పెట్టి, రెండవ చిప్పలో ఇసుక పోసి ముల్లును నిలబెట్టవలెను. తరువాత వస్తువును తీసి, అదే చిప్పలో ముల్లు మరల అక్కడికే వచ్చేవరకు తూనికరాళ్లు వేయవలెను. ఆ రాళ్ల బరువే వస్తువు బరువు. తక్కెడ ఎంత వంకరదైనా, ఒకే చిప్పలో ఒకదాని స్థానంలో ఒకటి వచ్చినందువల్ల వంకర రెండింటికీ సమానమే.

ఎలక్ట్రానిక్ త్రాసుకూ ఇదే వర్తిస్తుంది. మీ వస్తువు 748 చూపిందనుకొనండి. దానిని తీసి 500, 200, 50 గ్రాముల ముద్ర రాళ్లు కలిపి పెట్టితే 752 చూపింది. రాళ్ల నిజం 750. అనగా ఆ ప్రాంతంలో త్రాసు 2 గ్రాములు ఎక్కువ చెబుతున్నది. వస్తువు నిజబరువు 746. తప్పును దిద్దనక్కరలేదు, తెలిస్తే చాలు. అంకె చెప్పడంలో తడబడే త్రాసు కూడ, రెండు వస్తువులు సమానమా కాదా అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెబుతుంది. మనం దానిని అడుగవలసిన ప్రశ్న అదే.

విదేశాలలో ఉన్న బిడ్డలు త్రాసులు తెచ్చియిచ్చే ఇండ్లు మనలో చాల ఉన్నవి. భూమ్యాకర్షణ అంతటా ఒకే తీరుగా లేదు. న్యూయార్కులో సరిచేసిన ఎలక్ట్రానిక్ త్రాసు విశాఖపట్టణంలో కిలోకు సుమారు 2 గ్రాములు తక్కువ చూపుతుంది. వంటకు అది లెక్కలోనిది కాదు. త్రాసులో సరిచేసే ఏర్పాటు ఉన్నప్పటికీ, నిజమైన పడికట్టు చేత లేకుండ దాని జోలికి పోవద్దు.

ఎంత మంచిదైనా వంటింటి త్రాసును నమ్మరాని చోట్లు కొన్ని ఉన్నవి. వాంతులు విరేచనాలైన బిడ్డకు ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొడిలో ఒక లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు మాత్రమే. ఒక్కొక్క గ్రాముగా చూపే త్రాసుతో ఆ ఉప్పును తూయడం ప్రమాదం. ఉప్పు ఎక్కువైతే మందే అపకారం చేస్తుంది. లీటరుకు సరిపడే పొట్లాన్ని తెచ్చి మొత్తం కలపండి. అది దొరకనప్పుడు, తలకొట్టిన టీ చెంచాతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు ఒక లీటరు శుభ్రమైన నీటికి వేయవలెనని వైద్యులు చెబుతారు.

పసిబిడ్డను వంటింటి త్రాసు మీద పడుకోబెట్టడం అంతకన్న పొరపాటు. బిడ్డ జారిపడే ప్రమాదం ఒకటి. తొలి నెలలలో శిశువు రోజుకు పెరిగేది సుమారు 20, 30 గ్రాములు. కదిలే బిడ్డను చూపడంలో త్రాసు తడబాటే అంతకన్న ఎక్కువ. లేని తగ్గుదలను చూచి తల్లి బెంగపడుతుంది, లేదా ఉన్న తగ్గుదల తెలియకపోతుంది. ఆ తూకం ఆరోగ్యకేంద్రంలోని శిశువుల త్రాసు మీద జరుగవలెను.

రక్తపుపోటు ఉన్నవారి ఇండ్లలో ఉప్పు తూచే అలవాటు వస్తున్నది, మంచిదే. పెద్దవారికి రోజుకు 5 గ్రాములలోపు ఉప్పే చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. కాని 5 గ్రాములను ఆ త్రాసు మీద తూయవద్దు. అర గ్రాము తేడా కూడ అక్కడ పదోవంతు అవుతుంది. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు 600 గ్రాములు. ఆ 600 ఒకేసారి తూచి ఒక డబ్బాలో పోసి, నెల నడిచేవరకు వంటకు అందులోనిదే వాడండి. ఊరగాయలలోనూ అప్పడాలలోనూ ఉప్పు ఉన్నది గనుక, డబ్బా నెలాఖరుకు ఇంకా మిగలవలెను. చిన్న తూకానికి పనికిరాని త్రాసు పెద్ద తూకానికి పనికివస్తుంది. భాగహారం మనం చేసుకొనవలెను.

కడపటి మాట. అటుకు తలుపు లోపలి పక్కన ఒక కాగితం అంటించండి. ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి ఇంటి పడికట్టును త్రాసు మీద పెట్టి, వచ్చిన అంకెను తేదీతో వ్రాయండి. పది నిమిషాల పని. రెండేండ్లలో నాలుగు అంకెలు ఒకదాని కింద ఒకటి నిలిచినప్పుడు, మీ త్రాసు నిలకడగా ఉన్నదో, జారిపోతున్నదో ఆ కాగితమే చెబుతుంది. ఈ పనిని ఇంటిలోని బడిపిల్లలకు అప్పగిస్తే మరీ మంచిది. కొలత అంటే అంకెను చదవడం కాదనీ, తెలిసినదానితో తెలియనిదానిని పోల్చడమనీ వారికి ఏ పుస్తకమూ అక్కరలేకుండ బోధపడుతుంది.